పంజరమూ పాఠమూ

ప్రతి సంవత్సరం అక్టోబరు 2వ తేదీ నుండి 8వ తేదీ వరకు దేశమంతటా వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. మన కళాశాలలోనూ జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు, ముగింపు సభలో ముఖ్య అతిథిగారి ఉపన్యాసం, బహుమతి ప్రదానం. వీటిని శ్రమకోర్చి నిర్వహిస్తున్న మిత్రులను నొప్పించడం నా ఉద్దేశం కాదు. ఆ కార్యక్రమాలలో నేనూ పాలుపంచుకొన్నవాడినే. అయితే మూడేళ్ల కిందట ఆ వారంలోనే నేను చేసిన ఒక పొరపాటు, చిన్నపిల్లలకు ఈ విషయాన్ని ఏ తీరున బోధించాలి అనే ప్రశ్నను నా ఎదుట నిలబెట్టింది. నాకు తోచిన సమాధానాన్ని కళాశాల సంఘం వారి ముందూ, విద్యార్థినీ విద్యార్థుల ముందూ ఉంచుతున్నాను.

ఆ సంవత్సరం జంతుశాస్త్ర విభాగం తరఫున నేను కర్నూలు పట్టణంలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు వెళ్లాను. ఐదవ తరగతి. తెలుగు మాధ్యమం పిల్లలనూ ఉర్దూ మాధ్యమం పిల్లలనూ ఒకే గదిలో కూర్చోబెట్టారు. పెద్దపులి, సింహం, ఏనుగు, ఖడ్గమృగం బొమ్మలున్న పటాలను గోడకు తగిలించి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని గూర్చీ, అంతరించిపోతున్న జాతులను గూర్చీ సుమారు అరగంట ఉపన్యసించాను. పిల్లలు చేతులు కట్టుకొని బుద్ధిగా కూర్చున్నారు. అనగా వారేమీ వినలేదన్నమాట. చివరకు వారిని కదిలించాలనే ఉత్సాహంతో, అడవి చిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం మూడూ నేరాలే అనీ, అట్టి పని చేసినవారికి జైలుశిక్ష పడవచ్చుననీ చెప్పి, "మీలో ఎవరి ఇంట్లోనైనా చిలుక ఉన్నదా?" అని అడిగాను. గదిలోని పిల్లలందరూ ఒక్కమారుగా తలలు తిప్పి మూడవ వరుసలోని ఒక పిల్లవాని వంక చూశారు. అతని తండ్రి సంతలలో చిలుక పిల్లలను అమ్మి జీవిస్తాడని నాకు తరువాత తెలిసింది. పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు. మరునాడు బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు.

నేను చెప్పినదానిలో అబద్ధం ఒక్కటీ లేదు. చట్టం అలాగే ఉన్నది. 1976లో జరిగిన నలభై రెండవ సవరణతో, ప్రాణికోటి యెడల దయ కలిగియుండుట పౌరుని ప్రాథమిక విధులలో ఒకటిగా మన రాజ్యాంగంలో చేరింది కూడా. ఆ దయను బోధించడానికి వెళ్లి, ఒక పదేళ్ల పిల్లవానిని అతని తోటివారి ఎదుట ముద్దాయిగా నిలబెట్టి వచ్చాను.

పది రోజుల తరువాత ఆ బడి ఉపాధ్యాయులు ఒకరు, నేను కలిసి వారి వాడకు వెళ్లాము. తండ్రి ఇంట లేడు. మేము అటవీశాఖ వారమనుకొని తల్లి భయపడింది. ఆమెకు నచ్చజెప్పి, పిల్లవానితో అరుగు మీద కూర్చున్నాము. ఏమి మాట్లాడాలో తోచక, చిలుకలను గూర్చి నీకేమి తెలుసో చెప్పమని అడిగాను. మొదట ముక్తసరిగా, తరువాత ఆపకుండా చెప్పాడు. మెడచుట్టూ దండ మగచిలుకకే ఉంటుంది, అదీ చిన్నతనంలో ఉండదు. చిలుక తనకు తాను గూడు అల్లుకోదు, ముసలి చెట్ల తొర్రలను వెతుక్కుంటుంది. పిల్లలు దొరికేది చలి తగ్గే రోజులలో. ఏ చెట్టు తొర్రలో నిరుడు పిల్లలు ఉన్నవో ఈ ఏడు కూడా అక్కడే చూడాలి, కాని ఆ చెట్టును కొట్టివేస్తే ఆ జంట మళ్లీ ఆ చుట్టుపక్కల కనబడదు. ఇంత చెప్పి, గొంతు తగ్గించి, బుట్టలో తెచ్చినవాటిలో ఎన్నో అమ్ముడుపోక మునుపే చచ్చిపోతాయి సార్ అన్నాడు. వాటిని పాతిపెట్టే పని తనదేనట.

నా పటాలలోని సింహాన్ని ఆ తరగతిలో ఎవరూ చూడలేదు. చూసినా జంతుప్రదర్శనశాల బోనులో చూసి ఉంటారు. చిలుకను గూర్చి నాకంటె ఎక్కువ తెలిసినవాడు, దాని చావును చేతులతో ముట్టుకొన్నవాడు, మూడవ వరుసలో కూర్చుని ఉండగా నేను అతనికి ఖడ్గమృగాన్ని గూర్చి ఉపన్యసించాను. వన్యప్రాణి సంరక్షణ పాఠంలో పిల్లవానిని ముద్దాయిగా కాక ఎరిగినవానిగా నిలబెట్టి మొదలు పెట్టాలన్నదే నా అభిప్రాయం. వేటాడే ఇంటిలోని పిల్లవాని విషయంలో ఇది మరీ నిజం.

ఇది భావావేశంతో అంటున్న మాట కాదు. మన దేశపు పక్షిశాస్త్ర చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉన్నది. 1896లో జన్మించి, పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, బొంబాయిలో మేనమామ ఇంట పెరిగిన ఒక బాలుడు తన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నది. అది ఏ పక్షి అని మేనమామను అడిగితే ఆయనకు తెలియక, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లర్డ్ దొర వద్దకు పంపాడు. పిచ్చుకను చేత పట్టుకొని బెదురుతూ వచ్చిన ఆ పిల్లవానిని మిల్లర్డ్ మందలించలేదు. పక్షి పేరు చెప్పి, సొసైటీలో భద్రపరచిన పక్షుల అరలను ఒక్కొక్కటే లాగి చూపించాడు. ఆ బాలుడే సలీం అలీ. 1930 దశకపు తొలి సంవత్సరాలలో నాటి హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసింది ఆయనే. 1985లో వెలువడిన తన ఆత్మకథకు ఆయన ఆ పిచ్చుక పతనాన్నే పేరుగా పెట్టుకొన్నారు. ఆనాడు మిల్లర్డ్ స్థానంలో నేను ఉండి ఉంటే, జీవహింస మహాపాపమని ఒక ఉపన్యాసం ఇచ్చి పంపివేసి ఉండేవాడిని!

మరొక సాక్ష్యం మన సీమలోనిదే. కలివికోడి అనే పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞులకు కనబడలేదు. గ్రంథాలలో అది నశించిన జాతి కిందనే లెక్క. 1980 దశకంలో సొసైటీ వారు కడప జిల్లాలోని లంకమల కొండల పరిసరాలలో పక్షి బొమ్మను ఊళ్లవారికి చూపుతూ వెతికారు. 1986 జనవరిలో దానిని పట్టి తెచ్చి లోకానికి చూపింది ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యుడూ కాదు, రాత్రివేళ దీపం వెలుగులో పిట్టలను పట్టే ఒక స్థానిక వేటగాడు. కలివిపొదల మధ్య తిరుగుతుంది గనుక అక్కడివారు దానిని కలివికోడి అన్నారు. శాస్త్రం ఎనభై ఆరేళ్లు పోగొట్టుకొన్న పక్షికి ఊరివారి నోట పేరు ఉన్నది. ఆ పక్షి నేటికీ అత్యంత అరుదైనదే.

ప్రాథమిక తరగతులలో, అంటే ఒకటి నుండి ఐదు వరకు, పాఠం పేర్లతో మొదలు కావాలి. పిల్లల వీధిలోని, పెరటిలోని, చెరువుగట్టు మీది ప్రాణుల పేర్లతో. మన బడులలో రెండు భాషల పిల్లలు ఉండడం ఒక ఇబ్బందిగా భావిస్తున్నాము. ఈ పాఠానికి అదే పెట్టుబడి. ఒకరికి పాలపిట్ట, మరొకరికి నీల్‌కంఠ్. ఒకరికి ఉడుత, మరొకరికి గిలహరీ. ఒకరికి ముంగిస, మరొకరికి నేవ్‌లా. పేరు మారినంత మాత్రాన ప్రాణి మారదని పిల్లలు అక్కడికక్కడే గ్రహిస్తారు. పేరు వెనుక కథ ఉంటుంది. గుడ్లగూబను ఒక ఇంట అపశకునమంటారు, మరొక ఇంట ఆ పేరుతో తెలివితక్కువవానిని తిడతారు. రెండు ఇళ్ల గాదెల దగ్గరా ఎలుకలను తినిపెడుతున్నది మాత్రం అదే. హుద్‌హుద్ అన్న పేరును ఆ తరగతిలోని ఉర్దూ పిల్లలు వెంటనే గుర్తు పట్టారు. సులైమాన్ ప్రవక్తకు వార్త తెచ్చిన పక్షిగా దానిని ఇంట విన్నారు. తెలుగు పిల్లలకు అది 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని కుదిపివేసిన తుపాను పేరుగా పెద్దల నోట విన్న మాట. తలమీద విసనకర్రలా విచ్చుకొనే తురాయితో ఆ పక్షి అదే బడి ఆవరణలో నేలను ముక్కుతో పొడుచుకుంటూ తిరుగుతున్నది! ఒకరి కథ, ఒకరి తుపాను, ఇద్దరి ఎదుటా పక్షి. ఆ వయస్సుకు అంతకంటె మించిన పాఠం నాకు తోచడం లేదు.

ఈ దశలో ప్రళయం గూర్చి మాట్లాడరాదు. ఏడేళ్ల పిల్లవానికి పులులు నశిస్తున్నవి, అడవులు నశిస్తున్నవి, భూమి నశిస్తున్నది అని చెప్పడం వలన అతనికి కలిగేది బాధ్యత కాదు, దిగులు. తాను చేయగలిగింది లేని దిగులు కొద్దికాలంలోనే విసుగుగా మారుతుంది. ముందు చూడనివ్వాలి. ఒక చీమలబారును పావుగంట సేపు ఊరక చూడడం ఐదవ తరగతి పిల్లవానికి కష్టమేమీ కాదు. ఉపాధ్యాయునికే కష్టం.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి పిల్లలు కారణాలు అడుగుతారు. అప్పుడు వారికి నీతివాక్యాలు కాక నిజమైన సంగతులు చెప్పాలి. రాబందును తీసుకోండి. జటాయువు కథ విన్న దేశంలో రాబందు అన్న మాట తిట్టుగా మారింది. 1990 దశకంలో ఆ పక్షులు ఆకాశం నుండి మాయమైపోయాయి. తెల్లవీపు రాబందులైతే 2007 నాటికి వెయ్యింట ఒకటి మిగిలింది. వేటగాడు చంపలేదు, అడవి కొట్టినవాడూ చంపలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు, చచ్చిన పశువు మాంసంలో మిగిలిపోయి, దానిని తిన్న రాబందుల మూత్రపిండాలను చెరిచింది. ఈ సంగతి 2004లో రుజువైంది. 2006లో మన ప్రభుత్వం పశువైద్యం కోసం ఆ మందు తయారీని నిషేధించింది. ఇందులో దుర్మార్గుడు ఎవడు? ఎవడూ లేడు. తన ఎద్దుకు మందు వేయించిన రైతు మంచిపనే చేశాడు. మంచిపని ఎంత దూరం వెళ్లి ఎవరిని చంపగలదో ఏడవ తరగతి పిల్లవాడు అర్థం చేసుకోగలడు. పన్నెండేళ్లవారి వివేకాన్ని మనం తక్కువగా అంచనా వేస్తున్నామని నా అనుమానం.

పాముల విషయం మరీ అవసరం. ఒక పరిశోధన అంచనా ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారు. వారిలో పావువంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో మనదీ ఒకటి. ఇక పాములను ప్రేమించండి అని పల్లెటూరి పిల్లలకు చెప్పబోయే ఉపన్యాసకుని వారు ఏమనుకుంటారో ఊహించవచ్చు. నాగుపామును, కట్లపామును, రక్తపింజరను, చిన్నపింజరను గుర్తించడం, రాత్రివేళ దీపం లేకుండా నడవకపోవడం, కాటు వేస్తే గాయం కోయక, కట్టు బిగించక, మంత్రగాని ఇంటికి పోక నేరుగా ఆసుపత్రికి పోవడం ముందు నేర్పాలి. ఆ తరువాతనే, పొలంలో ఎలుకలను తినే జెర్రిపోతు విషం లేనిదని చెబితే వింటారు. తమ ప్రాణానికి విలువ ఇచ్చిన పాఠాన్నే పిల్లలు పాము ప్రాణానికి కూడా వర్తింపజేస్తారు.

మనకు అతి సమీపంలోని ఉదాహరణ రోళ్లపాడు. నందికొట్కూరు ప్రాంతంలోని ఈ పచ్చికబయళ్లు ఒకప్పుడు మన జిల్లాలోనివే; 2022 నుండి నంద్యాల జిల్లాలోనివి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పడింది. మనిషి నడుము దాటే ఎత్తుగల ఆ పక్షి నేలమీదనే, సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు మాత్రమే పెడుతుంది. రక్షణ వచ్చింది. దానితో కృష్ణజింకలు పెరిగాయి, చుట్టుపక్కల రైతుల పైర్లు మేశాయి. కాలువల నీరు వచ్చి సాగు మారింది. పచ్చికబయలు కుంచించుకుపోయింది. పిట్టను కాపాడబోయిన చోట ఊరివారికి ఆ పిట్ట పేరే గిట్టని స్థితి ఏర్పడింది. బట్టమేక పిట్ట అక్కడ కనుమరుగైంది. దేశం మొత్తం మీద నేడు అడవిలో మిగిలినవి రెండు వందలకు లోపే.

ఈ కథను ఎనిమిదవ తరగతిలో రైతుబిడ్డ పక్కన పట్నపు పిల్లవాడు కూర్చుని వినాలి. జింక మేసిన చేను మా నాన్నదే అని ఒకడు లేచి చెప్పగలగాలి. అతనిని మాట్లాడనిచ్చిన తరగతిలోనే, పంట నష్టానికి పరిహారం ఎవరివ్వాలి, ఎంత త్వరగా ఇవ్వాలి, పచ్చిక ఎంత ఉంచాలి అన్న చర్చ నడుస్తుంది. తక్కిన చోట్ల "వన్యప్రాణులను సంరక్షించుట మన కర్తవ్యం" అన్న వాక్యాన్ని నోట్సులో రాసుకొంటారు.

నోట్సు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. పర్యావరణ విద్యను బడులలో తప్పనిసరి చేయాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పవలసి వచ్చింది. పరిసరాల విజ్ఞానం పుస్తకాలు వచ్చాయి. వాటిలో పిల్లల చేత చేయించవలసిన పనులు ఎన్నో ఇచ్చారు. పుస్తకాల లోపం పెద్దగా లేదు. ఆ పనులు చేయించడానికి బడి గేటు దాటాలి. దాటితే సిలబసు వెనుకబడుతుంది, ఏ పిల్లవానికైనా దెబ్బ తగిలితే జవాబు చెప్పాలి. ఈ భయాలు నిజమైనవి. ఆ ఉపాధ్యాయులను తప్పుపట్టే ముందు వారికి తోడుగా మనమెంతమందిమి వెళ్లామో లెక్క చూసుకోవాలి.

నాతో విభేదించే మిత్రులు ఉన్నారు. చిలుకలు పట్టే ఇంటిని చూసి వచ్చి ఫిర్యాదు చేయకపోవడం తప్పు కాదా అని ఒకరు నన్ను సూటిగా అడిగారు. చట్టాన్ని అమలు చేయడానికి ఒక శాఖ ఉన్నది. దాని పనిని నేను తక్కువ చేయడం లేదు. చిలుక వ్యాపారం ఆగవలసిందే, సందేహం లేదు. కాని ఆ ఫిర్యాదు ఒక పిల్లవాని నోటి నుండి ఉపాధ్యాయుడు రాబట్టిన సమాచారంతో జరిగితే, ఆ తరగతిలో ఇక ఏ పిల్లవాడూ నోరు విప్పడు. నేను ఫిర్యాదు చేయలేదు. ఆ నిర్ణయం నన్ను పూర్తిగా నిశ్చింతగా ఉండనిచ్చిందనీ చెప్పను. బుట్టలో చచ్చిన పిల్లలను పాతిపెట్టే పని ఆ పిల్లవానికి మరుసటి చలికాలమూ తప్పలేదని తరువాత విన్నాను. మేము వెళ్లి వచ్చాక అతడు బడికి వచ్చాడు గాని, నా తరువాతి పాఠానికి చివరి వరుసలో కూర్చున్నాడు. చిలుక తొర్రల గురించి పిల్లలకు చెప్పమని పిలిస్తే లేచి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఎనిమిదవ తరగతిలో ఉన్నాడు.

ఇక కళాశాల సంఘం వారికి నా విన్నపం. వన్యప్రాణి వారోత్సవానికి ప్రతి ఏటా బ్యానర్లకు, జ్ఞాపికలకు, వేదిక అలంకరణకు అవుతున్న ఖర్చును ఈ ఒక్క సంవత్సరం మరో విధంగా వినియోగించుటకు అనుమతించండి. దానితో రెండు బైనాక్యులర్లు, ఒక గట్టి అట్ట రిజిస్టరు కొనవచ్చు. మా విభాగపు ద్వితీయ సంవత్సరం విద్యార్థులు ఇద్దరిద్దరుగా, ఒకరు ఉర్దూ వచ్చినవారు, ఒకరు తెలుగు వచ్చినవారు, నెలకు రెండు పీరియడ్లు దగ్గరి ప్రాథమిక పాఠశాలలకు వెళతారు. ఉపన్యసించరు. పిల్లలు తమ అవ్వతాతల వద్ద, నానీ దాదీల వద్ద అడిగి తెచ్చిన ప్రాణుల పేర్లను రెండు లిపులలో ఆ రిజిస్టరులో రాస్తారు. పేరు చెప్పిన పిల్లవాని పేరు పక్కన రాస్తారు. గూళ్ల జోలికి, గుడ్ల జోలికి పోకూడదన్న ఒక్క నియమం తప్ప వేరే నిషేధాలు ఉండవు. ఇందుకు పదహారు మంది విద్యార్థినీ విద్యార్థులు ఇప్పటికే పేర్లు ఇచ్చారు. ఉర్దూ శాఖ వారు లిపి దోషాలు దిద్దిపెడతామన్నారు.

మిగిలిన సొమ్ముతో జనవరిలో ఒక ఆదివారం ఎనిమిదవ తరగతి పిల్లలను బస్సులో రోళ్లపాడుకు తీసుకొనిపోవాలని ఉన్నది. బట్టమేక పిట్ట కనబడదు. ఆ సంగతి పిల్లలకు ముందే చెబుతాము. చలికాలంలో మధ్య ఆసియా నుండి వచ్చే పిల్లిగద్దలు సాయంత్రం ఆ పచ్చికలో రాత్రి విశ్రాంతికి దిగుతాయి, కనుక బస్సు తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు రెండు భాషలలో తయారుగా ఉన్నవి. అటవీశాఖ అనుమతికి దరఖాస్తు ప్రిన్సిపాలుగారి సంతకం కోసం కార్యాలయంలో ఇచ్చియున్నాను.